నిద్ర పట్టని రాత్రులు - వేరు మందులు ఏ మేరకు?

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. నిద్ర ముంచుకొచ్చిన మనిషికి పట్టుపరుపు అక్కరలేదు. వలల కుప్ప మీదైనా, సిమెంటు గచ్చు మీదైనా హాయిగా కన్ను మూతపడుతుంది. కాని నిద్ర ఒకసారి అలిగిందంటే మెత్తని పరుపూ, తిరిగే ఫంకా ఏమీ చేయలేవు. గడియారం ఒంటిగంట కొడుతుంది, రెండు కొడుతుంది. పక్కవాళ్ళు నిద్రపోతూంటే వాళ్ళ మీద కోపం కూడా వస్తుంది!

ఇలాంటి రాత్రులు నాలుగు గడిచేసరికి మన ఇళ్ళలో మొదట వెతికేది డాక్టరును కాదు, వంటింటి పోపుల పెట్టెను. పాలల్లో జాజికాయ అని ఒకరు, గసగసాలు అని ఒకరు, పెన్నేరుగడ్డ అని ఇంకొకరు చెబుతారు. "ఆకుమందే గదా బాబూ, ఏటవుద్ది?" అని ఆసుపత్రిలో నన్ను ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు చాలామంది. ఈ వారం ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం. కొన్నింటితో ఏమీ కాదు. కొన్నింటితో కొంత మేలు జరుగుతుంది. కొన్నింటితో మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. ఏది ఏ రకమో తెలుసుకోవడమే అవసరం.

నిద్రపోని ఊరు

విశాఖపట్నం రేవుకు పక్కనే, డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవల యారాడ ఉంది. మూడు వైపుల కొండలు, ఒక వైపు సముద్రం. సెలవునాడు చూడబోయినవారికి ఇంత ప్రశాంతమైన చోట నిద్రలేమి ఎలా ఉంటుందా అనిపిస్తుంది. కాని ఆ చుట్టుపక్కల కాపురాలు చూడండి. చేపల వేటకు పోయేవారికి తెల్లవారకముందే పని మొదలు. రేవు 1933లో తెరిచారు. ఓడ వచ్చినప్పుడే సరుకు దింపాలి గాని, కూలీకి నిద్రవేళ అని ఓడ ఆగదు. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. బ్లాస్టు ఫర్నేసును రాత్రికి ఆర్పి పొద్దున వెలిగించుకోవడం కుదరదు. అందుకని ఎ, బి, సి షిఫ్టులు. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి.

ఇలా వేళలు మారే ఇళ్ళలో నిద్రమందుకు గిరాకీ ఎక్కువ. మాత్ర అంటే భయం, వేరు అంటే నమ్మకం. అందువల్ల మార్కెట్లలోనూ, రోడ్ల పక్కనా గుడ్డ పరిచి వేళ్ళు, చూర్ణాలు అమ్మేవారి వ్యాపారం సాగుతూనే ఉంటుంది.

ఆ వైపు నుంచే యాభై ఏళ్ళు దాటిన ఒక రోగి వచ్చాడు. రేవు పనివాడు. రెండేళ్ళుగా రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నాడు. రాత్రిళ్ళు నిద్ర లేదని ఎవరో చెబితే ఒక బూడిద రంగు చూర్ణం కొని రోజూ చెంచాడు చొప్పున మింగాడు. నిద్ర పట్టింది. అంతవరకు సంతోషమే. మూడు వారాలకు మంచం మీద నుంచి లేస్తే కళ్ళు తిరగడం, ముక్కు దిబ్బడ, దేనిమీదా మనసు లేకపోవడం మొదలయ్యాయి. నాడి చూస్తే నిమిషానికి యాభై దాటలేదు. రక్తపోటు బాగా పడిపోయి ఉంది. "ఏం మందు వాడుతున్నావు?" అంటే బి.పి. మాత్ర పేరే చెప్పాడు. చూర్ణం సంగతి చెప్పింది ఆయన భార్య. అందులో వాడినది సర్పగంధ అని ఆ పొట్లం మీదే రాసి ఉంది!

సర్పగంధ కథ

సర్పగంధను తెలుగులో పాతాళగంధి అని కూడా అంటారు. వేరు వంకర తిరిగి పామును తలపిస్తుంది. పిచ్చికీ, నిద్రలేమికీ, పాముకాటుకూ దీన్ని తరతరాలుగా వాడుతూ వచ్చారు. పాముకాటుకు ఇది పనికిరాదు. అక్కడ పాము విషానికి విరుగుడు ఇంజక్షను ఒక్కటే దిక్కు. మిగిలిన రెండు విషయాల్లో మాత్రం పెద్దలు చెప్పినదానిలో నిజం ఉంది.

1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక చంద్ర బోస్ ఈ వేరు మతిభ్రమణానికీ, రక్తపోటుకూ పనిచేస్తుందని రాశారు. 1949లో బొంబాయి గుండె వైద్యులు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగుల మీద తన అనుభవాన్ని ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించారు. దాంతో ప్రపంచమంతా ఈ వేరు వైపు చూసింది. 1952లో స్విట్జర్లాండులోని సిబా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు వేరులోని అసలు సారాన్ని విడదీసి రెసర్పిన్ అని పేరు పెట్టారు. కొన్నేళ్ళపాటు రక్తపోటుకూ, మానసిక రోగాలకూ అదే ముఖ్యమైన మందు.

మరి తరువాత ఎందుకు వెనకబడింది? నాడుల మధ్య కబుర్లు మోసే రసాయనాల నిల్వను అది ఖాళీ చేస్తుంది. అందుకే మనిషి శాంతిస్తాడు, నిద్ర వస్తుంది. రక్తపోటు తగ్గేదీ అందుకే. నాడి మందగించడం, ముక్కు దిబ్బడ, కడుపులో పుండు రేగడం, కొందరిలో తీవ్రమైన దిగులు - ఇవన్నీ అదే మందు చేసే పనులు. మంచి మందులు వచ్చాక డాక్టర్లు దాన్ని పక్కన పెట్టారు. డాక్టరు అన్ని జాగ్రత్తలతో, మిల్లీగ్రాములో పదోవంతు, ఇరవయ్యోవంతు లెక్కన ఇచ్చిన మందును, బజారు చూర్ణంలో చెంచాలతో మింగితే ఎంత లోపలికి పోయిందో ఎవరు చెప్పగలరు?

మా రోగి బతికిపోయాడు. చూర్ణం మాన్పించి, రక్తపోటు మాత్ర మోతాదు సరిచూస్తే కొన్ని వారాలలో తేరుకున్నాడు. నేను చెప్పదలచిన అసలు మాట ఇదే. నిద్ర పట్టించేంత బలం ఉన్న వేరుకు హాని చేసేంత బలమూ ఉంటుంది. అది చెట్టు నుంచి వచ్చినా మందే. మందుకు ఇచ్చే మర్యాద దానికీ ఇవ్వాలి.

హాని లేని ఇంటి చిట్కాలు

ముందుగా నిర్భయంగా చేసుకోదగినవి చెబుతాను.

పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలు మంచి అలవాటే. నిద్ర తెప్పించే వాటిలో గేదె పాలు మేలని చరకుడు చెప్పాడు. పాలలో నిద్రకు సాయపడే ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఉన్నమాట నిజమే గాని, ఒక గ్లాసులో ఉండేది కొద్దిపాటే. ఆ వెచ్చదనం, రోజూ ఒకే వేళకు తాగే అలవాటు, కడుపులో ఆకలి లేకపోవడం - ఇవి చేసే మేలే ఎక్కువ. సుగరు ఉన్నవారు పంచదార వేయవద్దు. పాలు పడనివారు మజ్జిగో, గోరువెచ్చని నీళ్ళో తాగండి.

తలకు నూనె మర్దన, అరికాళ్ళకు నువ్వుల నూనె రాయడం కూడా అలాంటివే. జటామాంసి వేసి కాచిన తలనూనె వాసన కొందరికి హాయినిస్తుంది. మర్దన వల్ల కండరాలు సడలుతాయి, మనసు కుదుటపడుతుంది. ఆ తరువాత నేల మీద జారిపడకుండా పాదాలు తుడుచుకోవడం మాత్రం మరవకండి. ముసలివారికి ఇది చిన్న మాట కాదు. తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచమే.

రాత్రి అన్నంలో ఉల్లిపాయ, పెరుగు కలుపుకుని తింటే నిద్ర వస్తుందంటారు. ఉల్లిపాయకు అంత శక్తి ఉన్నట్టు రుజువు లేదు. కడుపు మంట లేనివారు తింటే నష్టం కూడా లేదు.

కొంత మేలు, కొంత జాగ్రత్త

ఇక రెండో రకం. వీటిలో మందు గుణం కొంత ఉంది.

పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ. దీని శాస్త్రీయ నామంలోని 'సోమ్నిఫెరా' అన్న లాటిన్ మాటకు నిద్ర తెచ్చేది అని అర్థం. ఇది పేరు మాత్రమే కాదు. 2021లో ఐదు పరీక్షల ఫలితాలను కలిపి చూశారు. మొత్తం 400 మంది. నిద్రలో కొద్దిపాటి మెరుగు కనిపించింది. ఎనిమిది వారాలు వాడినవారిలో కొంచెం ఎక్కువ మేలు. అయితే అద్భుతం కాదు. థైరాయిడ్ మందు వేసుకునేవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి పోరాదు. కొందరిలో కామెర్లు వచ్చిన సంఘటనలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. వాడుతూండగా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్ళంతా దురద పుట్టినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. వాడదలిస్తే వేరునే వాడాలి, ఆకు కాదు. లైసెన్సు ఉన్న తయారీదారు సరుకునే కొనాలి. నెలల తరబడి సాగదీయకూడదు.

మోడి, అంటే పిప్పలి వేరు. ఇది మన ప్రాంతపు పంటే. చింతపల్లి, పాడేరు వైపు ఏజెన్సీ కొండల్లో పిప్పలిని వేరు కోసమే పెంచుతారు. మోడి పొడిని బెల్లంతో కలిపి తింటే నిద్ర వస్తుందన్నది పాత వైద్యం. మనుషుల మీద సరైన పరీక్షలు దాదాపు లేవు. వంటలో వేసే పాటి మోడితో భయం లేదు. కాని పిప్పలిలో ఉండే పైపెరిన్ కొన్ని మందులను రక్తంలో పెంచుతుంది. ఫిట్సుకు వాడే ఫెనిటాయిన్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ అలాంటివి. ఈ మాత్రలు వేసుకునేవారు మోడి పొడిని మందుగా తినరాదు.

సరస్వతి ఆకు, నీటి బ్రాహ్మి. రెండింటినీ 'బ్రాహ్మి' అనే పిలుస్తారు గాని రెండు వేరు వేరు మొక్కలు. గుండ్రని ఆకుతో నేలను పాకేది సరస్వతి ఆకు. తడి నేలలో చిన్న చిన్న దళసరి ఆకులతో పెరిగేది నీటి బ్రాహ్మి. ఇవి మనసును కుదుటపరుస్తాయన్న నమ్మకం పాతదే. నిద్ర విషయంలో రుజువు బలహీనం. పచ్చడిగా తింటే ఫరవాలేదు. మురుగు కాలవ గట్టున దొరికింది కోసుకొచ్చి పచ్చి రసం తాగితే నిద్ర సంగతి అటుంచి విరేచనాలు పట్టుకుంటాయి.

పెద్ద దుకాణాలలో పొట్లాలుగా దొరికే చామోమైల్ టీ మన చామంతి కాదు, యూరపు మొక్క. కొందరికి హాయిగా ఉంటుంది. రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడేవారు మాత్రం తాగరాదు. పాశ్చాత్య దేశాలలో పేరుపడ్డ వలేరియన్ వేరు సంగతి కూడా చెప్పాలి. 2017లో అమెరికా నిద్ర వైద్యుల సంఘం నిద్రలేమికి దాన్ని వాడవద్దనే సూచించింది. అక్కడి సీసా మీద బొమ్మ చూసి మోసపోనక్కరలేదు.

మోతాదు మించితే విషం

జాజికాయ. చిటికెడు పొడి పాలల్లో వేసుకుంటే ప్రమాదం లేదు. చిటికెడు పనిచేయలేదని కాయంతా అరగదీస్తేనే చిక్కు. ఒక కాయ బరువు సుమారు ఐదు గ్రాములు. ఆ మాత్రానికే గుండె దడ, వాంతులు, నోరు పిడచకట్టడం, లేనివి కనిపించడం వంటివి రావచ్చు.

గసగసాలు. వంటలో, పాయసంలో వాడుకోండి. కాని ఇవి నల్లమందు మొక్క గింజలే. కడగని గింజలను పెద్ద మొత్తంలో నానబోసి ఆ నీళ్ళు తాగిన కొందరు విదేశాలలో ప్రాణాలు కోల్పోయారు. గింజలో మత్తు లేదు, పైన అంటుకున్న పాలలో ఉంటుంది.

ఉమ్మెత్త. దీని ఆకూ, గింజా ఏ రూపంలోనూ నోట పెట్టరాదు. ఉమ్మెత్త వల్ల వచ్చేది నిద్ర కాదు, విషపు మత్తు. నాలుక ఎండిపోయి, కంటిపాప పెద్దదై, రోగి గాలిలో ఏవో ఏరుకుంటూ ఉంటాడు. అప్పుడు ఆసుపత్రికే పరుగెత్తాలి.

పసిపిల్లల గురించి తల్లులకు, అమ్మమ్మలకు ఒక మాట. బిడ్డ రాత్రి ఏడుస్తోందని వసకొమ్ము, జాజికాయ అరగదీసి నాకించడం చాలా ఇళ్ళలో ఉంది. పూర్వం నల్లమందు కూడా నాకించేవారు. వసలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం జంతువులలో కణుతులు పుట్టించింది. అందుకే అమెరికా 1968లోనే దాన్ని ఆహార పదార్థాలలో నిషేధించింది. పసివాడికి మత్తు ఇచ్చి పడుకోబెట్టడం ఊపిరితో చెలగాటం. బిడ్డ ఏడిస్తే ఆకలా, తడిసిన గుడ్డా, చెవిపోటా, జ్వరమా అని చూడండి తల్లీ.

మరొక మోసం కూడా ఉంది. మూలికా చూర్ణం అని అమ్మే వాటిలో మత్తు మాత్రలు నూరి కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. మొదటి రాత్రే మొద్దునిద్ర పట్టించే పేరులేని చూర్ణాన్ని అనుమానించాలి. వేరు అంత తొందరగా పనిచేయదు, మాత్ర పనిచేస్తుంది.

ముందు అడగవలసిన ప్రశ్న

నిద్రలేమి చాలాసార్లు జబ్బు కాదు, వేరే జబ్బుకు గుర్తు. అందుచేత "ఏం తాగితే నిద్ర పడుతుంది?" అనే ముందు "ఎందుకు పట్టడం లేదు?" అని అడగాలి.

రాత్రికి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారా? సుగరు పరీక్ష చేయించండి. మగవారిలో వయసు మళ్ళాక ప్రొస్టేటు గ్రంథి కూడా కారణం కావచ్చు. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నారా? అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు. వారికి మత్తు కలిగించే మాత్రా, సారా ప్రమాదం. పడుకుంటే ఆయాసం వచ్చి కూర్చోవలసి వస్తోందా? గుండె చూపించుకోవాలి. నడివయసు స్త్రీలలో ముట్లు ఆగే రోజులలో ఒంటి ఆవిర్లు నిద్ర చెడగొడతాయి. సాయంత్రం అయిదు తరువాత తాగే టీ, కాఫీ సంగతి చెప్పనక్కరలేదు.

తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి, ఏడుపు వస్తూ, తిండి సహించక, బతుకు దండగ అనిపిస్తోందా? అది మానసిక దిగులు. దానికి చికిత్స ఉంది. ఇంటివారికి చెప్పండి, ఆసుపత్రికి రండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోను చేయవచ్చు. ఇలాంటివారు సర్పగంధ తాకితే దిగులు మరింత ముదురుతుందని మరోసారి గుర్తు చేస్తున్నాను.

మాత్రలకు అలవాటుపడినవారికి ఒక హెచ్చరిక. ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని, అమ్మిన లెక్క రాసిపెట్టాలని 2014 నుంచి కఠినమైన నిబంధన ఉంది. అయినా ఏళ్ళ తరబడి మింగేవారున్నారు. వారు "ఇక వేరు మందుకు మారతాను" అని మాత్రను ఒక్క రోజులో మానేస్తే ఫిట్సు రావచ్చు. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి.

వేరు కన్నా మేలైన మందు

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు మించి నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మొదటి చికిత్స మాత్ర కాదు, నిద్ర అలవాట్లను తిరిగి నేర్పే చికిత్సేనని 2016లో అమెరికా వైద్యుల కళాశాల సూచించింది. ఆ పద్ధతిలో ముఖ్యమైన సూత్రాలు ఇవి:

1. రాత్రి ఎప్పుడు నిద్ర పట్టినా పొద్దున లేచే వేళ మార్చవద్దు.
2. నిద్ర వచ్చినప్పుడే మంచమెక్కండి. ఇరవై నిమిషాలు దొర్లినా పట్టకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చుని, మళ్ళీ కునుకు వచ్చాక పడుకోండి.
3. మంచం మీద పద్దులు, టీవీ, సెల్‌ఫోను వద్దు. గడియారాన్ని గోడవైపు తిప్పేయండి.
4. పగటి కునుకు అరగంటకు మించరాదు. మూడు గంటల తరువాత అసలే వద్దు.
5. రేపటి దిగుళ్ళను సాయంత్రమే కాగితం మీద రాసి పక్కన పెట్టండి.

వారం రోజులు ఇది కష్టంగా ఉంటుంది. పగలు మత్తుగా ఉంటుంది కనుక ఆ రోజులలో బండి నడపడంలో జాగ్రత్త. రెండు మూడు వారాలు పట్టుదలగా చేస్తే చాలామందికి ఫలితం కనిపిస్తుంది. పడుకునే ముందు గ్లాసెడు వెచ్చని పాలు ఈ పద్ధతికి చక్కగా తోడవుతాయి.

షిఫ్టు పనివారికి ఈ సూత్రాలు కొంచెం మార్చాలి. మనిషి శరీరం వెలుతురును బట్టి వేళ తెలుసుకుంటుంది. చీకటిలో ఊరే మెలటోనిన్ అనే రసం నిద్రను పిలుస్తుంది, వెలుగు దాన్ని ఆపేస్తుంది. అందుకని రాత్రి డ్యూటీకి పోయే ముందు గంటన్నర నిద్రపోండి. టీ డ్యూటీ మొదటి సగంలోనే తాగండి. బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి. స్వయంగా బండి నడిపేవారు మాత్రం కునుకు వస్తుంటే బయలుదేరవద్దు, కాసేపు అక్కడే నడుం వాల్చి రండి. ఇంట్లో కిటికీలకు మందపు దుప్పటి కట్టండి. ఇక ఇల్లాళ్ళకు మనవి. పగలు పడుకున్న మనిషి సోమరి కాదు. సి షిఫ్టు దిగి వచ్చినవాడికి పొద్దున తొమ్మిది గంటలే అర్ధరాత్రి. చుట్టాలను, రుబ్బుడు చప్పుడును, పిల్లల అల్లరిని ఆ నాలుగైదు గంటలు ఆపగలిగితే అంతకు మించిన నిద్రమందు ఏ కొండ మీదా దొరకదు. రాత్రి డ్యూటీలు ఇంటి ఆడవారే చేస్తుంటే మగవారు అదే మర్యాద పాటించాలి.

వేరు మందు వాడి తీరతామనేవారు ఈ నాలుగూ గుర్తుంచుకోండి. పేరు తెలియని చూర్ణం కొనవద్దు. ఒకేసారి రెండు మూడు రకాలు కలపవద్దు. ఆయుర్వేద వైద్యం కావాలంటే చదువుకున్న ఆయుర్వేద డాక్టరు దగ్గరకే వెళ్ళి, వేసుకుంటున్న ఇంగ్లీషు మాత్రలన్నీ ఆయనకు చూపించండి. మా దగ్గరకు వచ్చినప్పుడు ఆ చూర్ణం పొట్లం కూడా చేతిలో పట్టుకుని రండి. ఎవరూ కోప్పడరు. ఏం తిన్నారో తెలిస్తేనే ఏం చేయాలో మాకు తెలుస్తుంది.